బందెలదొడ్డి కౌబాయ్

ఎడారి దుమ్ము కోసం నేనెక్కడికీ పోనక్కర్లేదు.
జ్ఞానాపురంలో కిటికీ రెక్క తెరిస్తే చాలు,
పోర్టు నుంచి బొగ్గు, దాని వెనకే ఎర్ర ఇనుపరాయి పొడి
రాసిన వాక్యం మీద వాలి
నాకంటే ముందే చదివేస్తాయి.

మా నాన్న షిప్‌యార్డులో వెల్డరు.
పావలా అద్దె పుస్తకాలు తెచ్చేవాడు,
అట్ట మీద టోపీ, పొగ కక్కే పిస్తోలు.
పేజీల మధ్య వేలు పెట్టుకునే నిద్రపోయేవాడు.
ఆ వేలు కదలకుండా నేను తర్వాతి పేజీ చదివేదాన్ని.
ఎంతమంది చచ్చారో లెక్కపెట్టాను గానీ
వాళ్ళలో ఒక్కడైనా, ఒక్క ఆవుకైనా
కుడితి పెట్టినట్టు గుర్తు లేదు.

కౌబాయ్ అంటే తెలుగులో ఏమిటని
ఆదివారం బడి పిల్లలడిగారు.
పశువుల కాపరి అన్నాను.
"కాపరంటే మన పాస్టరుగారు కదా" అంది
ముందు వరసలో కెజియా.
అందరూ నవ్వారు.
నేను ఆ రాత్రే నవల మొదలుపెట్టాను.

నా గిద్యోనుకి గుర్రం లేదు.
మున్సిపాలిటీ వ్యాను ఉంది, స్టెప్నీ లేనిది.
రాత్రి రెండింటికి జగదాంబ దగ్గర
డివైడరు పక్కన నెమరేస్తున్న ఆవుల్ని
తాడేసి, బతిమాలి, తిట్టి, ఎక్కించి
బందెలదొడ్డికి చేరుస్తాడు.
తెల్లారితే వాటి ఆసాములు కర్రలతో వస్తారు.
వాళ్ళలో ఒకడు, సన్యాసిరావు,
రెండో అధ్యాయంలో గిద్యోను తమ్ముణ్ణి చంపాడు.

పన్నెండో అధ్యాయంలో వాడు చావాలి.
అక్కడిదాకా కలం బాగానే నడిచింది.
పిస్తోలు గిద్యోను చేతికిచ్చి మూడు వారాలు.
పేల్చనూ లేను, వెనక్కి తీసుకోనూ లేను.

"కాల్చెయ్యండి మేడమ్" అంటాడు ఫోన్లో ప్రచురణకర్త పట్నాయక్,
"పాఠకుడు డబ్బిచ్చాడు."
"క్షమించెయ్యమను తల్లీ" అంటారు పాస్టరుగారు
టీ ఊదుకుంటూ, "సాక్ష్యమంటే అదే కదా."
ఇద్దరికీ ఒక్క పేజీ చాలు.
తమ్ముడి చొక్కా ఇంకా
తీగ మీదే ఉందని
ఇద్దరికీ చెప్పలేకపోయాను.

మొన్న బీచిలో
గుర్రాల దగ్గర పైడయ్య లేడు.
నాలుగు గుర్రాలు దీపస్తంభానికి కట్టి ఉన్నాయి,
సవారీ అడిగేవాళ్ళు అడిగి అడిగి పోతున్నారు.
ఐదోది, కుంటిది, బిజిలీ,
రాత్రి తాడు తెంపుకుందట.

మర్నాడు కనిపించాడు, కాళ్ళు బొబ్బలెక్కి.
"జోడుగుళ్ళపాలెం దాకా నడిసెల్లినానమ్మా.
సెత్తకుండీకాడ దొరికింది, పలాస్టిక్కు నవుల్తా."
మరి ఈ నాలుగింటినీ ఎవరైనా తోలుకుపోతే?
"ఏటి సేస్తాం? ఇయ్యి ఉన్నాయి కదా.
అది నేదు."

నాకో కథ నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
ఆ కథ నేను విన్నాను, అంతే.
అతను దాన్ని నడిచొచ్చాడు.

ఇంటికొచ్చి, కిటికీ మూయకుండానే కూచున్నాను.
నవల్లో వాన పట్టుకుంది. గెడ్డ పొంగింది.
కొట్టుకుపోతున్న దూడ కోసం దిగిన సన్యాసిరావు
మెడలోతు నీళ్ళలోంచి పైకి చూశాడు, ఎవరా అని.
గిద్యోను పిస్తోలు పారెయ్యలేదు.
అంత సుళువుగా మారిపోయే మనిషిని నేను నమ్మను.
మొలలోనే ఉంచుకున్నాడు, బరువుగా.
తమ్ముడి పేరు పైకే అన్నాడు, మూడుసార్లు,
నీళ్ళ హోరులో అవతలివాడికి వినబడేదాకా.
అప్పుడు భుజం మీది తాడు విప్పి విసిరాడు.

"ముందు దూడకి" అని అరిచాడు సన్యాసిరావు.

ఈ మాట నేననుకున్నది కాదు.
రెండో అధ్యాయానికి వెనక్కెళ్ళి
వాణ్ణి ఏమని రాశానో చూసుకోవాలి.
ఫోను మోగుతోంది, పట్నాయకే.
పేజీ నిండా నల్లటి పొడి.
తుడిస్తే తడి సిరా చెదిరిపోతుంది.
మెల్లగా ఊదాను.